‘తేదీ తెలియదు’ అనే గడి

నా పేరు ఓబులమ్మ. వయసు డెబ్బైకి అటో ఇటో. మంగంపేట గనిలో పనిచేసి పోయిన మనిషి భార్యను. కూతురూ నేనూ ఒకే ఇంట్లో ఉంటాం. రాజంపేటలో ఇంటర్నెట్ సెంటరు నడిపిన కంప్యూటర్ సారు పోయిన సోమవారం గుండె ఆగి చనిపోయారని ఆయన చెల్లెలు కబురు పంపింది. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కూతురు రాస్తోంది.

గనిలో పనిచేసినవాళ్ల కుటుంబాలకు వైద్య కార్డులిచ్చే సంఘం, దరఖాస్తు కంప్యూటర్లోనే పెట్టాలంది. ఆ పేజీ తయారుచేసింది సారే. ఒక్క గడి ఖాళీగా ఉన్నా అది ముందుకు పోదు. ఎర్ర అక్షరాలు వచ్చి అడ్డం పడతాయి.

“మనుషులు అడ్డం పడేది సాలదని దీన్ని కూడా పెట్నావా నాయనా?” అని సెంటరుకు పోయిన రోజు సారును అడిగాను.

“తప్పుంటే ఈడే తెలియాలవ్వా. పంపినాక తిరిగొస్తే నువ్వు మళ్లా బస్సెక్కాల. ఆడ సంఘమోళ్లు ఇంకోసారి సూస్తారు, అది వేరే” అన్నారు సారు, టీలో బన్ను ముంచుకుంటూ. ఆయన మధ్యాహ్నం తిండి రోజూ అదే.

నా దరఖాస్తు పుట్టిన తేదీ దగ్గర ఆగింది. వెనక నిలబడినాయన, “జూలై ఒకటి కొట్టప్పా. మా ఊర్లో ముసిలోళ్లంతా ఆ పొద్దే పుట్నారు” అన్నాడు. అందరూ నవ్వారు.

“నేను పుట్టింది శనక్కాయలు పీకే కాలంలో. తేదీ మాయమ్మకే తెలీదు. గనిలో ఎవడో కొట్టిన తేదీకి నా మొగున్ని రెండేండ్ల ముందే ఇంటికి పంపినారు. నేను మాత్రం అబద్ధానికి ఏలిముద్ర ఎయ్యను” అన్నాను.

సారు నవ్వలేదు. బన్ను పక్కన పెట్టారు. “తప్పు నాదేవ్వా. తేదీ తెలీనోళ్లు ఉంటారని అనుకోలా” అన్నారు. సంఘానికి ఫోన్ చేసి అడిగారు. నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి పేజీలో ఏవో వరసలు మార్చారు. పుట్టిన తేదీ కింద ఇంకో చిన్న గడి వచ్చింది: తేదీ తెలియదు. అక్కడ టిక్కు పెడితే అంచనా వయసు చాలు. నాకు కార్డు వచ్చింది. నా తర్వాత శానామంది ముసలివాళ్లకు అట్లాగే వచ్చింది.

ఇప్పుడు సంఘంవాళ్లు ఆ పేజీని కొత్తగా చేయిస్తారట, తేదీ లేకుంటే తీసుకోరట. ఆ గడి తీయకూడదు. సారు గురించి నేను చెప్పదలచింది ఇదే.

ఆ రోజు టిక్కు పెట్టాక ఆయన తెరను నావైపు తిప్పారు. నాకు చదువు రాదని ఆయనకు తెలుసు. “ఎరుపు పోయింది సూడవ్వా” అన్నారు. చూశాను. ఇందాక ఎర్ర అక్షరాలు ఉన్న చోట తెల్లగా ఉంది.

ఇది ఓబులమ్మ బొటనవేలి ముద్ర.
వేస్తుండగా చూసినవాళ్లు: పక్కింటి మస్తానమ్మ, టీ అంగడి వెంకటసుబ్బయ్య.