వదులు లేని చొక్కా

డాక్టరు బరువు తగ్గమన్నప్పటి నుంచి వీధి చివరి దర్జీ నోరు కట్టేసుకున్నాడు. ఆయన దిగులంతా అత్తగారింట్లో పండుగ భోజనం గురించే. అక్కడ నలుగురిలో కూర్చుంటే నాలుక ఆయన మాట వినదు. అందుకని పండుగ చొక్కాని ఒంటికి అతికినట్టు, వేలు దూరే సందు లేకుండా కుట్టుకున్నాడు. కడుపు నిండితే గుండీలే బిగుసుకుని చెయ్యి ఆపేస్తాయని ఆయన ఉపాయం.

పండుగ పొద్దున చొక్కా హాయిగా పట్టేసింది. పథ్యం పనిచేసిందని మురిసిపోయాడు. భోజనాల దగ్గర మరదలు వేపుడు మారు వడ్డించినా, అత్తగారు మిఠాయి వేసినా గుండీలు ఉలకలేదు, పలకలేదు. ధైర్యంగా రెండో మిఠాయి అందుకున్నాడు. పక్కనున్న భార్య ఆ చెయ్యి పట్టుకుంది.

"మీరేం సన్నబడలేదు. పక్క కుట్లు నేనే విప్పి వదులు చేశాను."

"ఎంత పని చేశావే! అది నాకు కాపలా కదా!"

"రేపు ఒళ్లు చేస్తారేమోనని ఊరందరి బట్టలకీ కుట్ల లోపల కాస్త గుడ్డ వదులుతారు మీరు. చేతి అలవాటు పోతుందా, మీ చొక్కాకీ వదిలారు. మీరు ఊపిరాడక కూర్చుంటే నేను చూస్తూ తినాలా? కాపలాకి నేను లేనూ?"

ఆ మిఠాయిని విరిచి ఆయనకు చిన్న ముక్క ఇచ్చి, పెద్దది తన నోట్లో వేసుకుంది. నమిలి మింగాక ఆయన చెవి దగ్గరికి వంగింది.

"రేపు నా జాకెట్టు కూడా కాస్త వదులు చేద్దురూ."