ఏరాలి ఓటు

2025 చివర్లో పంచాయతీ ఎన్నికలు వచ్చేనాటికి నేను జగిత్యాలలో పొలిటికల్ సైన్స్ పాఠాలు చెబుతూ, ఆడవాళ్లు ఓటు ఎలా నిర్ణయించుకుంటారో పరిశోధన చేస్తున్నాను. అందుకు ఇబ్రహీంపట్నం మండలంలో ఒక ఊరు ఎంచుకున్నాను. మగవాళ్లలో చాలామంది గల్ఫ్‌లో ఉండడంతో అక్కడ గెలుపోటములు ఆడవాళ్ల చేతుల్లోనే ఉంటాయి. మాది ప్యానెల్ స్టడీ. అంటే, పోలింగుకు ముందు మాట్లాడినవాళ్లతోనే తర్వాత మళ్లీ మాట్లాడతాం.

పద్మ, మౌనిక ఆ ఊళ్లో తోడికోడళ్లు. అక్కడివాళ్ల మాటలో ఏరాండ్లు. పేర్లు మార్చాను. భర్తలిద్దరూ దుబాయిలో ఉంటారు. సర్పంచ్ పదవి మహిళలకు రిజర్వయ్యేసరికి, ఏళ్లుగా మహిళా సంఘం నడుపుతున్న పద్మే నిలబడుతుందని ఊరంతా అనుకుంది. అన్నదమ్ములు ఫోన్‌లో మాట్లాడుకుని, డిగ్రీ చదివిన చిన్నకోడలు మౌనికను నిలబెట్టారు.

నేను మొదటిసారి వెళ్లినప్పుడు పద్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తోంది.

"సంఘం మీటింగులు పెట్టింది నేను, బ్యాంకు సుట్టు తిరిగింది నేను. గోడల మీద ఫొటో మాత్రం గామెది," అంది. "మా ఆయన గూడ గామెనే నిలబెట్టుమన్నడు మేడం. నన్ను ఒక్క మాట అడగలే."

"ప్రచారానికి మీరే ముందు నడుస్తున్నారట కదా?"

"నడవకుంటే నలుగురు ఏమంటరు? గామె మెడల దండ ఏస్తుంటే నా కడుపు మండుతది. నవ్వుకుంటనే నిలబడుత."

మౌనిక కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయింది.

వారం తర్వాత పోస్ట్‌పోల్ ఇంటర్వ్యూకు వెళ్లాను. ఎవరూ లేనప్పుడు పద్మ తలెత్తకుండా చెప్పింది. "అవతలామెకు ఏసిన." ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లగానే మౌనిక వచ్చి నా పక్కన కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచి ఉన్నాయి.

"మేడం, మా అక్క నాకే ఏసింది గదా?"

ఎవరు ఎవరికి వేశారన్నది బయట పెట్టకపోవడం మా వృత్తిలో మొదటి నియమం. "ఎవరి మాటా ఇంకొకరికి చెప్పనమ్మా," అన్నాను. మౌనిక నా ముఖంలోకే చూస్తూ ఉండిపోయింది. ఆ చూపును తప్పించుకుందామని తల తిప్పితే, గడపలో పద్మ టీ గ్లాసులతో నిలబడి ఉంది.

"గామెనెందుకు అడుగుతవు? నేను ఎయ్యలే," అంది. "నువ్వు గా కుర్చీల కూసుంటే సూడలేననిపించింది చెల్లె."

మౌనిక అరుస్తుందనుకున్నాను. ఆమె పద్మ చేతిలోంచి గ్లాసు అందుకుంది.

"నాకు ఎరుకే అక్కా," అంది. "నువ్వు నిలబడ్డా నేను గూడ నీకు ఎయ్యకపోదును. నీకు దండలేస్తుంటే నేను మాత్రం ఎట్ల సూద్దును?"

పద్మ అక్కడే గడపమీద కూర్చుంది. ముగ్గురం టీ తాగాం. ఆ ఇంట్లో ఆ విషయం మళ్లీ రాలేదని తర్వాత విన్నాను.

ఓటు గురించి రాసేటప్పుడు మేము కులం రాస్తాం, పార్టీ రాస్తాం, పథకాలు రాస్తాం. ఒకే పొయ్యి దగ్గర వండుకునే ఇద్దరి మధ్య రగిలే అసూయకు మా ప్రశ్నల్లో చోటే లేదు. ఇప్పుడు కోరుట్ల వైపు వెళ్లినా, సిరిసిల్ల వైపు వెళ్లినా అభ్యర్థి ఇంట్లో ముందు ఒకటే అడుగుతాను: "మీ ఇంట్లో ఇంకెవరైనా నిలబడాలనుకున్నారా?" చాలామంది మొదట నవ్వేస్తారు. తర్వాత వంటింటి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గిస్తారు.