ఆరు మీటర్ల దగ్గర మూడు నొక్కులు

దయ్యాల కబుర్లు ఎవరైనా మొదలుపెడితే లేచి టీకి వెళ్లిపోయే రకం నేను. మాది బరంపురంలో మూడు తరాల పట్టుబట్టల దుకాణం. చేత్తో పట్టుకుని చూడనిదే దేన్నీ ఒప్పుకోని ఇల్లు. ఇప్పుడు కూడా దయ్యాన్ని చూశానని అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను.

దుకాణంలో కూర్చోవాల్సిన నన్ను సముద్రంలోకి లాక్కుపోయింది మా అక్క భర్త. బావ గోపాల్‌పూర్‌లో డైవర్. గంజాం తీరానికి వచ్చే తాబేళ్లను సర్వే వాళ్ల కోసం నీళ్లలో వీడియో తీసేవాళ్లం. మామూలు సిలిండరుతో దిగితే బుడగలకు అవి బెదిరిపోతాయి. అందుకని రీబ్రీదర్ వాడేవాళ్లం. మనం వదిలిన గాలినే అది శుభ్రం చేసి మళ్లీ మనకే ఇస్తుంది. మనం వాడేసిన ఆక్సిజన్ మాత్రం ఎప్పటికప్పుడు వేస్తూ ఉండాలి. అది తగ్గితే ఊపిరాడనట్టేమీ ఉండదు. హాయిగా మగత వస్తుంది, అంతే. ఆ మగతలోంచి లేవరు.

మా యంత్రాల్లో ఆక్సిజన్ రెండు రకాలుగా పడుతుంది. ఛాతీ మీద ఉన్న బటన్‌ని మనం చేత్తో నొక్కుతూ ఉండాలి. మనం మర్చిపోయి మరీ తగ్గిపోతే ఎలక్ట్రానిక్ వాల్వ్ దానంతటదే తెరుచుకుంటుంది.

“సెయ్యి మర్సిపోతే మిసను సూసుకుంటాది. మిసను పోతే సెయ్యి సూసుకుంటాది,” అనేవాడు బావ.

“రెండూ పోతే ఏటి బావా?” అని అడిగాను ఒకసారి.

“పక్కోడున్నాడు కదేటి!” అన్నాడు.

నేర్చుకునే రోజుల్లో నేను చేపల్ని చూస్తూ బటన్ సంగతి మర్చిపోతే, వెనక నుంచి చెయ్యి చాపి తనే నొక్కేవాడు. రెండు చిన్న నొక్కులు, ఒక పెద్ద నొక్కు. ఆ తర్వాత నెత్తిన ఒక మొట్టికాయ.

పోయిన ఏడాది బావ పోయాడు. పైకి వస్తూ ఇద్దరం ఆరు మీటర్ల లోతులో ఐదు నిమిషాలు ఆగాం. ఒంట్లో కలిసిన గాలి మెల్లగా బయటికి పోవాలని ఎప్పుడూ ఆగే చోటే. నేను ఒక తాబేలు వెనక కెమెరా తిప్పుతున్నాను. ఇటు తిరిగేసరికి బావ పడవ నుంచి దింపిన తాడుకు వేలాడుతున్నాడు. కళ్లు తెరిచే ఉన్నాయి. బటన్ నొక్కడం మర్చిపోయాడు. బ్యాటరీ పోయి వాల్వ్ తెరుచుకోలేదు. పక్కోణ్ని నేనే.

నాకు ఏడుపు రాలేదు. ఆ తర్వాత నోటికి ఉప్పూ కారం తెలియడం మానేశాయి. అక్క మాత్రం నన్ను ఒక్క మాటా అడగలేదు. ఆదివారాలు పిలిచి అన్నం పెట్టేది. ఇవాళైనా అడుగుతుందేమోనని ఆవిడ మొహం చూస్తూ తినేవాణ్ని.

ఈ శీతాకాలం మళ్లీ దిగాను. మానేయాలని కూడా అనిపించలేదు. పొద్దున్న పదకొండు గంటలు. తోటి డైవర్ ముందే పడవ ఎక్కేశాడు. నేను ఒక్కణ్నే ఆరు మీటర్ల దగ్గర ఆగాను. నీటి వడి ఎక్కువగా ఉంటే రెండు చేతులా తాడు పట్టుకున్నాను. ఇక్కడే కదా, అనుకున్నాను. ఆ తర్వాత ఏమీ అనుకోలేదు. భయం కూడా లేదు.

ఛాతీ దగ్గర సుయ్ మని చిన్న చప్పుడు. మళ్లీ ఇంకోటి. ఆ తర్వాత పొడుగ్గా ఒకటి. తెలివొచ్చింది. నెత్తిన మొట్టికాయ మాత్రం పడలేదు. పడి ఉంటే బాగుండేది.

ఒడ్డుకొచ్చాక యంత్రం రికార్డు తీసి చూశాం. ఆక్సిజన్ గీత స్పృహ తప్పేంత కిందకి దిగింది. అక్కణ్నుంచి రెండు చిన్న మెట్లు, ఒక పెద్ద మెట్టు పైకి ఎక్కింది. వాల్వ్ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఉప్పు పట్టి దాని తీగ తెగిపోయి ఉంది. తాబేళ్ల కోసం తాడుకు కట్టిన కెమెరాలో నేను మొదటి నుంచీ కనిపిస్తున్నాను. రెండు చేతులూ తాడు మీదే ఉన్నాయి. నా చుట్టుపక్కల ఎవరూ లేరు. బటన్ లీకయిందేమోనని మెకానిక్ దాన్ని రెండు రోజులు నీళ్లలో ఉంచి చూశాడు. ఒక్క బుడగ కూడా రాలేదు.

ఆ గీత ఉన్న కాగితం పట్టుకుని ఆదివారం అక్క ఇంటికి వెళ్లాను. అంతా చెప్పాను. అక్క ఆ మూడు మెట్లనూ వేలితో తడిమింది.

“మీ బావ సూసుకున్నాడన్నమాట,” అంది.

ఏడాదిగా అడగనిది అప్పుడు అడిగింది. “మరి ఆ రోజు నువ్వెటు సూస్తన్నావురా?”

“తాబేలునక్కా.”

అక్క కాగితం మడిచి నా జేబులో పెట్టి అన్నం వడ్డించింది. పులుసులో ఉప్పు ఎక్కువైంది. ఆ సంగతి నాకు తెలిసింది. కంచం ముందు కూర్చుని చాలాసేపు ఏడ్చాను.

ఆ మూడుసార్లు బటన్ ఎవరు నొక్కారో నాకు ఇప్పటికీ తెలియదు. అంతకు ముందు ఏడాది ఎవరు నొక్కాల్సిందో మాత్రం తెలుసు.