జగ్గయ్యపేటలో మూడో తెలుపు

వాల్తేరు నుంచి జగ్గయ్యపేటకు తేలిక దారి లేదు. రాత్రి మెయిల్లో బెజవాడ చేరాలి, అక్కణ్ణుంచి హైదరాబాదు రోడ్డు మీద బస్సు పట్టాలి. వానల్లేని ఆ ఏడు, భాద్రపదం చివర్లో నేనూ అలాగే వెళ్ళాను. చూడదగ్గ స్థలాల కోసం కాదు. మా ప్రయోగశాల వదిలి ఇంటికి వెళ్ళిపోయిన కరుణమ్మను ఒక్క నెల రోజులకైనా తిరిగి తీసుకురావాలని వెళ్ళాను. మా పరిశోధన నడిపించే గురువుగారు ఉత్తరం రాస్తే చాలన్నారు. ఉత్తరానికైతే ఆమె కుదరదని రాసి ఊరుకుంటుంది, ఎదురుగా మనిషి కూర్చుంటే కాదనడం కష్టమని నేనే పెట్టె సర్దుకున్నాను.

మా పని గురించి కాస్త చెప్పాలి. ఎలక్ట్రానుకు ఎదురు ఆవేశమున్న జోడీ కణం పాజిట్రాన్. రెండూ కలిసి ఓ చిన్న పరమాణువులా కాసేపు తిరుగుతాయి. కాసేపంటే సెకనులో కోటో వంతు. ఆ తర్వాత రెండూ నశించి కాంతి అయిపోతాయి. ఆ కాస్త బతుకులోనే వాటికి రెండు శక్తి స్థాయిలుంటాయి. ఆ స్థాయిల మధ్య దూరాన్ని కొలవడం మా పని. పదార్థం, ప్రతిపదార్థం సరిసమానమైతే, చుట్టూ ఉన్న అయస్కాంతాన్ని పైకి తిప్పినా కిందకి తిప్పినా ఆ దూరం మారకూడదు. మాకు మారినట్టు కనిపించింది. చాలా కొద్దిగా, కానీ పదే పదే.

కొలిచేవాడికి ఆశ ఉంటే కొలత కూడా అటే మొగ్గుతుంది. అందుకని అయస్కాంతం ఎటు తిప్పాలో తేల్చడానికి పక్క గదిలో కరుణమ్మ చింతపిక్క వేసేది. ఒక పక్క తెల్లగా అరగదీసిన పిక్క. తెలుపు పడితే పైకి, నలుపు పడితే కిందకి. ఇవతల గదిలో లెక్క తీసే నాకు అది ఎటుందో తెలియదు. సాయంత్రం ఇద్దరి కాగితాలూ కలిపి చూసుకునేవాళ్ళం. వేసవిలో ఆమె తండ్రికి పక్షవాతం రావడంతో పని ఆగిపోయింది. పాజిట్రాన్లనిచ్చే మా రేడియోధార్మిక సోడియం రోజురోజుకీ నీరసించిపోతోంది. ఇంకోటి తెప్పించడానికి విదేశీ మారకం దొరకదు. చివరి వరస కొలతలు అవే చేతులతో పూర్తికావాలని గురువుగారి పట్టు. ఇంతవరకూ వచ్చిన ఫలితాన్ని ఆ శనివారమే వ్యాసంగా పంపేస్తున్నారు. అది నిలబడితే మా ఇద్దరికీ డాక్టరేటు, కరుణమ్మకు అక్కడే ఉద్యోగం.

మెయిల్లో మూడో తరగతి పెట్టె కిక్కిరిసి ఉంది. పక్కన కూర్చున్న బెల్లం వ్యాపారి నా పని ఏమిటని అడిగాడు. చెప్పాను.

"అంటే పుట్టగానే పోయేదాన్ని పట్టుకుని కొలుస్తారా?" అన్నాడు.

"అవునండీ."

"దానికి జీతం కూడా ఇస్తారా బాబూ?" అని జాలిగా చూసి, చోటిచ్చాడు.

తెల్లవారుతుండగా బెజవాడలో దిగాను. స్టేషను బయట ఇడ్లీ బాగుంటుంది, కాఫీ మాత్రం వేడినీళ్ళే. ఉదయం బస్సెక్కేవాళ్ళు ఎడమ పక్క కిటికీ చూసుకోవాలి, కుడివైపు ఎండ కొడుతుంది. నాకు కుడివైపే దొరికింది. కంచికచర్లలో ఎక్కిన రైతు ఒకాయన ఖాళీ గోతాల కట్ట ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చున్నాడు. రోడ్డుకు రెండు పక్కలా నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది.

"మిరప నారు రెండుసార్లు పోసానండి. రెండుసార్లూ మాడిపోయింది," అన్నాడు.

"మళ్ళీ పోస్తారా?"

"పొయ్యక ఏం చేస్తామండి? దింపుడు కళ్ళం ఆశ."

కీసర దగ్గర మునేరులో నీళ్ళకన్నా ఇసుకే ఎక్కువ కనిపించింది. నందిగామలో బస్సు చాలాసేపు ఆగుతుంది. కోర్టుకొచ్చిన జనంతో హోటళ్ళు నిండిపోయి, నిలబడే పెసరట్టు తినాల్సొచ్చింది. ఓడినవాళ్ళెవరో, గెలిచినవాళ్ళెవరో మొహాలు చూసి చెప్పలేం, అందరూ ఒకేలా నీరసంగా ఉన్నారు. చిల్లకల్లు దగ్గర బస్సు మలుపు తిరిగి, మధ్యాహ్నం కావస్తుండగా పేటలో దించింది. సత్రంలో పెట్టె పెట్టి, కరుణమ్మ తండ్రి దేవదానం మాస్టారి ఇల్లెక్కడని అడిగాను.

"ఈ ఊళ్ళో సగంమందికి అక్షరాలు దిద్దించిన చెయ్యండి ఆయనది. ఆ చెయ్యే పడిపోయింది," అన్నాడు సత్రం గుమాస్తా.

మిషను బడి వెనక పెంకుటిల్లు. కరుణమ్మ తలుపు తీసింది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి ఆశ్చర్యపోలేదు. "మీరొస్తారనే అనుకున్నా," అంది. వాళ్ళ మేనత్త ఎస్తేరమ్మగారు అన్నం వడ్డించి, "ప్రభువు దయవల్ల మా అన్నయ్య మాట కాస్త తిరిగింది బాబూ," అని చెప్పింది. భోజనమయ్యాక నేను విషయం ఎత్తాను. కరుణమ్మ మంచం మీదున్న తండ్రి వైపు చూసింది.

"ఒక్క నెలేగదండి. అత్తయ్య చూసుకుంటానంటోంది. దసరా వెళ్ళగానే వస్తా," అంది చివరికి.

ఆ మాటకు నాకు కడుపు నిండిపోయింది. సాయంత్రం బస్సుకే వెళ్ళిపోవచ్చు. మాస్టారితో కాసేపు కూర్చుని వెళ్ళమన్నారని ఉండిపోయాను.

కుడిచేతికి పట్టు రావడం కోసం ఆయన చేత రోజూ మధ్యాహ్నం పిక్కలాట ఆడిస్తారు. మంచం పక్కన గచ్చు మీద సుద్దతో గళ్ళు గీసి ఉన్నాయి. అరగదీసిన చింతపిక్క ఒకటి, కాయలుగా గాజుముక్కలు. మాస్టారు అలసిపోతే ఆయన బదులు నన్ను వెయ్యమన్నారు. వేశాను, తెలుపు. మళ్ళీ తెలుపు. మూడోసారీ తెలుపే పడింది. నేను కాయ జరపబోతుంటే ఎస్తేరమ్మగారు పిక్క తీసేసింది.

"కుళ్ళిపోయింది బాబూ. మూడో తెలుపు చెల్లదు. మళ్ళీ వెయ్యి."

"మరి మూడు నలుపులు పడితేనో?"

"నలుపు ఎన్నిసార్లు పడితే ఏం? దానికి ఆశపడేదెవరు? మా ఇంట్లో అంతే, మా నాయనమ్మ నాటినుంచీ."

నేను నవ్వుతూ కరుణమ్మ వైపు తిరిగాను. ఆమె నవ్వడం లేదు.

"మూర్తిగారూ, అక్కడా నేనిలాగే వేసా," అంది.

నాకు వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక చేతిలో కాయ కింద పెట్టేశాను. ఆమె నెమ్మదిగా చెప్పుకుపోయింది. తెలుపు రెండుసార్లు దాటితే తీసేసి మళ్ళీ వేసేది. అది తప్పనీ, తాను మారుస్తున్నాననీ అనిపించలేదు. చిన్నప్పటినుంచీ పిక్క వెయ్యడమంటే ఆమెకు అదే. నలుపు మాత్రం ఆరేడుసార్లు వరసగా పడిన రోజులున్నాయి. ఇనుముకొక గుణం ఉంది. ఒకే దిక్కున ఎక్కువసేపు ఉంచితే కాస్త అటే మొగ్గుతుంది. మా అయస్కాంతం పైకి ఎప్పుడూ ఎక్కువసేపు లేదు, కిందకి మాత్రం ఉంది. మేము చూసిన తేడా పాజిట్రాన్‌దని ఇక ఎవరం చెప్పగలం? మూడు తెలుపులు వరసగా లేని ఆ కాగితాలు ఇద్దరం రోజూ చూసినవే. లేనిది కంటికి ఆనదు.

"ఏవైందమ్మా?" అన్నారు మాస్టారు, మాట ముద్దగా.

"లెక్క తప్పింది నాన్నా."

"దిద్దుకో," అన్నారాయన.

తంతి ఆఫీసు మూసేలోపు ఇద్దరం వెళ్ళాం. వ్యాసం ఆపండి, అయస్కాంతంలో దోషం ఉంది అని నేను రాశాను. ఆమె ఆ కాగితం లాక్కుంది.

"అయస్కాంతం ఏం చేసిందండి? నేను పిక్క వేసిన తీరు తప్పు. అలాగే రాయండి."

అలాగే రాసి, కింద ఇద్దరి పేర్లూ పెట్టాను. నా పేరు కొట్టేయమంది. కొట్టలేదు. మొదటినుంచీ మళ్ళీ మొదలుపెట్టడానికి సోడియంలో సత్తువ లేదు. అది ఆమెకూ తెలుసు. దసరా తర్వాత వస్తారా అని నేనూ అడగలేదు.

మర్నాడు ఉదయం బస్సులో ఆమె కూడా నందిగామ వచ్చింది. అక్కడ ఒక బడిలో సైన్సు టీచరు ఖాళీ ఉందట. వాల్తేరు ఆశతో అన్నాళ్ళూ వెళ్ళకుండా ఆపుకుందట. వెనక సీట్లో ఖమ్మం వైపు వాళ్ళెవరో "గీ ఏడు పత్తి కూడా పాయె" అనుకుంటున్నారు. నందిగామ దగ్గరపడుతుండగా కరుణమ్మ నా వైపు తిరిగింది.

"నాన్నకు దుప్పటి మార్చేటప్పుడల్లా ఆ తేడానే తలుచుకునేదాన్నండి. నేనంటూ లోకంలో ఒకటి చూసానని," అంది.

ఇంకొకరెవరైనా ఎప్పుడైనా కొలుస్తారన్నాను. ఎంత చచ్చుమాటో నోరు దాటాక తెలిసింది. నందిగామలో దిగి, చేతిసంచీ సర్దుకుని, "గురువుగారికి నా నమస్కారాలు చెప్పండి," అని కోర్టు జనంలోంచి బడి వైపు నడిచింది. బస్సు కదిలేదాకా చూశాను. వెనక్కి తిరగలేదు.

ఆ దారిన వెళ్ళేవాళ్ళకు నేను చెప్పగలిగింది తక్కువే. బస్సులు వేళకు నడుస్తాయి, పేట సత్రంలో నీళ్ళు బాగుంటాయి, మనుషులు మర్యాదస్తులు. వెళ్ళేటప్పుడు ఒక తేడా ఉందని నమ్మి వెళ్ళాను. తిరిగి వచ్చేటప్పుడు లేదని తేలి ఉంటే అదైనా ఒక ఫలితమే. ఉందో లేదో ఇక మాకు తెలియదు. రాత్రంతా మెయిల్లో నిద్ర పట్టక ఆ సంగతే నెమరేశాను.

తెల్లవారి వాల్తేరులో దిగేసరికి గురువుగారు ప్లాట్‌ఫారం మీద ఉన్నారు. తంతి అందిందన్నారు. వ్యాసం పంపలేదన్నారు. ఆ మాటలు నాతోనే అన్నారు కానీ, చూపు మాత్రం నా వెనక పెట్టె తలుపు మీదే ఉంది. అందరూ దిగిపోయాక కూడా, బండి కదిలేదాకా, అలాగే చూస్తూ నిలబడ్డారు.