శనివారం ఎద్దుది

నా చిన్నప్పుడు మేం బోధన్‌లో ఉండేవాళ్లం. మా పక్కింట్లో ఎద్దుగానుగ ఆడించే ఒక ముసలామె ఉండేది. కొంకణం నుంచి వచ్చిన యూదుల మనిషి. ఇంట్లో మరాఠీ, బజారులో మా భాష. వాడకంతా ఆమె మావుషి, అంటే పిన్నమ్మ. భర్త పోయాక గానుగ తనే నడిపేది. మా అమ్మ ఆమె దగ్గర నువ్వులు చెరిగే పనికి పోయేది.

శనివారం వాళ్ల దేవుడు చెప్పిన విశ్రాంతి రోజట. అందుకే శుక్రవారం పొద్దుగూకేసరికి మావుషి పొయ్యి ఆర్పేసేది. శనివారం సాయంత్రం చుక్కలు పొడిచేదాకా గానుగ తిరగదు, పొయ్యి వెలగదు, ముందురోజు వండిందే తినాలి. పాపం, చల్లటి కూడు తింటోందని నేనొకసారి పొయ్యి అంటించబోతే, చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మా అమ్మకూ ఆ రోజు సెలవే. వారమంతా నడుం వాల్చని మా అమ్మ ఆ ఒక్కరోజు అరుగు మీద కూర్చుని నా తల దువ్వేది. అందుకే నాకు శనివారమంటే ప్రాణం.

చెరకు కొట్టే కాలంలో ఒక శనివారం పొద్దున్నే పటేల్ వచ్చాడు. మావుషి ఉండే ఇల్లు ఆయనదే. ఆయన బండెడ్లలో ఒకటి కుంటుపడింది. కొట్టిన చెరకు చేలో ఎండిపోతోంది, తొందరగా ఫ్యాక్టరీకి చేర్చాలి. మావుషి ఎద్దును ఇమ్మన్నాడు.

“ఇయ్యాల శనారం పటేలా. సుక్కలు పొడిసినంక నేనే తోలుకొస్త” అంది మావుషి.

“మీ దేవుడు ఎద్దును గూడ సూస్తడా? ఇయ్యకుంటే ఇల్లు ఖాళీ జెయ్యి!” అన్నాడు పటేల్.

మా అమ్మ “ఒక్కనాడే గదా మావుషీ, ఇయ్యరాదా” అని బతిమాలింది.

మావుషి పోయి కొట్టం గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. “మా పెద్దలు దేవునికి ఇచ్చిన మాటలనే ఎద్దుకు గూడ సెలవు ఉన్నది. నా కాడ పని జేసే ఈమెకు గూడ ఉన్నది. ఇయ్యాల ఎద్దును ఇడిస్తే, వచ్చే శనారం ఈమెను పనికి రమ్మంటరు” అంది.

మా అమ్మ కొంగు నడుముకు చుట్టి, వెళ్లి ఆమె పక్కనే కూర్చుంది. వాళ్లిద్దరి మధ్యా నేను ఇరుక్కున్నాను. వెనక ఎద్దు తాపీగా నెమరు వేస్తోంది. పటేల్ అరిచీ అరిచీ వెళ్లిపోయాడు.

చుక్కలు పొడవగానే మావుషి అన్నమాట ప్రకారం ఎద్దును తోలుకుపోయి ఆయన బండికి తనే కట్టింది. ఆ చెరకు ఫ్యాక్టరీకి చేరింది కూడా. అయినా పటేల్ పంతం వదల్లేదు, ఇల్లు ఖాళీ చేయించాడు. మావుషి ఏడవలేదు, కాళ్లు పట్టుకోలేదు. గానుగ ఊడదీయించి వెనక వాడకు మారింది. అక్కడి మొదటి శనివారం కూడా ఎద్దు కొట్టంలోనే పడుకుంది, మా అమ్మ ఆ కొత్తింటి అరుగు మీద కూర్చుని నా తల దువ్వింది. ఆ పటేల్ మీద నాకు ఇప్పటికీ కోపమే.

పెళ్లయి నిజామాబాద్ వచ్చాక నేను బీడీలు చుట్టి పిల్లల్ని పెంచాను. మావుషి దేవుడు వేరు, నేను మొక్కే దేవుడు వేరు. అయినా శనివారం నేను బీడీలు చుట్టే చాట గోడకు ఆనించే ఉంటుంది. ఇప్పుడు నా కోడలూ చుడుతుంది, ఆ రోజు ఆమె కూడా చాట ముట్టదు. చుట్టడానికి ఆకు ఇచ్చే కమీషన్‌దారు మొదట్నుంచీ సణుగుతూనే ఉన్నాడు. మొన్న ఫోన్ చేసి, ఈ శనివారం చుట్టకపోతే ఇకమీద ఆకు ఇవ్వనన్నాడు. మావుషి ఎవరో అతనికి ఏం తెలుసు?

“మావుషి ఎద్దుకు దొరికిన సెలవు నా కోడలికెందుకు దొరకదు? ఆకు ఇయ్యకుంటే ఇయ్యకు పో!” అని ఫోన్ పెట్టేశాను.