మధ్యలో ఆగిన మందు

మా పీఈటీ సార్ పోయారన్న కబురు నాకు డ్యూటీ దిగాక తెలిసింది. ఎయిర్‌పోర్టులో ప్రయాణికుల్ని తనిఖీ చేసే చోట నా ఉద్యోగం. అక్కడ ఫోను దగ్గర ఉంచుకోనివ్వరు. మధ్యాహ్నం లాకరు తీసి చూస్తే సార్ భార్య నుంచి వరసగా కాల్స్ ఉన్నాయి. తిరిగి చేస్తే ఆమె ఏడవలేదు. "ఇగ దమ్ము కోసం తన్లాడే పని లేదు బిడ్డా మీ సారుకు" అంది. యూనిఫాంతోనే శంషాబాద్ బస్సెక్కాను.

సర్కారు బడిలో ఆడపిల్లలకు కబడ్డీ నేర్పిన మనిషాయన. "ఆడిపిల్లలకు గీ ఆటేంది సారూ" అని ఇళ్ళవాళ్ళు పోట్లాటకొస్తే, "జర ఒక్క ఆట చూడుండ్రి, నచ్చకుంటే తోల్కపోండ్రి" అనేవారు. మా బాపు అట్లాగే నన్ను తీసుకుపోవడానికి వచ్చి, ఆట అయ్యేదాకా గోడ పట్టుకుని నిలబడ్డాడు.

మా గ్రౌండు మీదుగానే విమానాలు దిగేవి. ఆ మోతలో కూత వినిపించదు. తెగిందో లేదో తేలక మాలో మాకు గొడవ. అందుకని సార్ విజిల్ ఊది, "ఆగుండ్రి, ఇమానం పోనీ" అనేవారు. ఎక్కడివాళ్ళం అక్కడే తలలెత్తి నిలబడేవాళ్ళం. కూతకు వెళ్ళేటప్పుడు నాకు చెప్పిన మాట ఇంకా చెవిలో ఉంది: "గీత ముట్టినంకనే దమ్ము తీస్కో బిడ్డా. అప్పటిదాంక గా దమ్ము జట్టుది, నీది గాదు."

రిటైరయ్యాక ఆయనకు పొడి దగ్గు పట్టుకుంది. గ్రౌండు దుమ్మనుకున్నారు. మెట్లెక్కితే ఆయాసం మొదలయ్యాక సిటీలో పెద్ద దవాఖానకు వెళితే, ఊపిరితిత్తులు గట్టిపడిపోతున్నాయని తేలింది. ఉన్న మందులు జబ్బును నెమ్మది చేస్తాయే తప్ప వెనక్కి తిప్పలేవన్నారు. సార్ కూతురిది షాద్‌నగర్‌లో ఫ్యాక్టరీ పని. సెలవు దొరకదు. నాకు షిఫ్టు కుదిరినప్పుడల్లా నేనే తోడు వెళ్ళేదాన్ని.

కొత్త మందు సంగతి అక్కడి డాక్టరుగారే చెప్పారు. ఊపిరితిత్తుల్లో మచ్చలు పెరగడానికి తోడ్పడే ఒక ఎంజైమును అది అడ్డుకుంటుందట. చిన్న పరీక్షలు దాటి చివరి దశకు వచ్చిందట. "కొందరికి మందు, కొందరికి అచ్చం అలాగే ఉండే ఉత్త మాత్ర ఇస్తామండీ. ఎవరికి ఏది వెళ్తోందో మీకూ తెలీదు, నాకూ తెలీదు" అన్నారు. సార్ అన్నీ అడిగి తెలుసుకుని సంతకం చేశారు. బయటికొచ్చాక, "నాకు అసలుది రాకున్నా మంచిదే. ఎనకొచ్చేటోళ్ళకన్న పనికొస్తది" అన్నారు. అన్నారు గానీ, మొదటి మాత్రను అరచేతిలో పెట్టుకుని ఆయన చూసిన చూపు నాకు గుర్తుంది. అది అసలుదే కావాలని ఎంత కోరుకున్నారో ఆ చూపే చెప్పింది.

కొన్ని నెలలకు సార్ తేరుకున్నారు. మాకు అలా అనిపించింది. ఒక ఆదివారం పొద్దున, ఆగుతూ ఆగుతూ, గ్రౌండు దాకా నడిచి వచ్చారు. "మందు పనిచేస్తుంది బిడ్డా. నాకు ఎర్కైతుంది" అన్నారు. నేను నమ్మాను.

తరువాత ఒకరోజు రమ్మని దవాఖాన నుంచి ఫోను.

"పరీక్ష ఆపేశారండీ" అన్నారు డాక్టరుగారు. "మందు వేసుకున్నవాళ్ళకీ వేసుకోనివాళ్ళకీ తేడా కనిపించలేదట. మిగిలిన మాత్రలు తిరిగి ఇచ్చేయాలి."

సార్ మాత్రల సంచీ మీద చెయ్యి తీయలేదు. "నాకు పనిచేసింది గద సార్. నడుస్తున్న గద. నా ఒక్కనికి ఇయ్యరాదా?"

గ్రౌండంతా వినపడే ఆ గొంతు అలా బతిమాలడం నేనెన్నడూ వినలేదు.

"నా చేతుల్లో లేదండీ" అని డాక్టరుగారు తల దించుకున్నారు. ఆయన్ని తిట్టాలనిపించింది. తిడదామంటే ఆయన చేసిన తప్పేమీ దొరకలేదు. చివరికి సార్ డబ్బా తీసి బల్ల మీద పెట్టారు.

కొన్నాళ్ళకు, ఎవరికి ఏది ఇచ్చారో అడిగితే చెప్తామన్నారు దవాఖానవాళ్ళు. "తెల్సుకోని ఏం జేస్తవ్, వద్దు" అంది అమ్మ. సార్ భార్యను మేమందరం అమ్మ అనే అంటాం. సార్ వినలేదు. ఫోను స్పీకరులో పెట్టించారు.

"మీకు వచ్చింది ఉత్త మాత్రండీ."

సార్ నవ్వబోతే దగ్గు వచ్చింది. అది తగ్గాక, "అయితే గ్రౌండు దాంక నడిచింది నేనేనన్నట్టు" అన్నారు. ధైర్యంగా అన్నారో దిగులుగా అన్నారో నాకు ఇప్పటికీ తెలియదు. మళ్ళీ మాత్రం ఆయన అటు నడవలేదు.

చివరి రోజుల్లో ఆక్సిజన్ మిషను కిరాయికి తెచ్చి వరండాలో పెట్టారు. దాని పైపు మంచం నుంచి వంటింటి గడప మీదుగా వరండా దాకా సాగి ఉండేది. ఆ పైపు తొక్కకుండా అందరం కాళ్ళెత్తి దాటుకుంటూ తిరిగేవాళ్ళం. ఆయన చేతి కింద ఆడిన వాళ్ళం ఇంతమందిమి చుట్టూ కూర్చునేవాళ్ళం. ఒక్క దమ్ము అరువివ్వలేకపోయాం. మా ముఖాలు చూసి ఆయనే, "గిట్ల ఊకుంటే ఎట్ల, ఏదన్న మాట్లాడుండ్రి" అనేవారు. నోటికొచ్చిందల్లా మాట్లాడేవాళ్ళం. మా దిగులు చూసి ఆయన భయపడకూడదని.

దినాలయ్యాక వెళ్ళాను. మిషనువాళ్ళు వచ్చి అన్నీ పట్టుకుపోయారట, ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. అమ్మ చాయ్ తీసుకుని వంటింట్లోంచి వస్తూ, గడప దగ్గర ఒక చేత్తో కుచ్చిళ్ళు కాస్త పైకి పట్టుకుంది. కాలు జాగ్రత్తగా ఎత్తి, అక్కడ లేని పైపును దాటింది.