సమాధుల తోటలో అల్లం టీ

మా ఎదురింటి తాపీమేస్త్రి పోయాడు. బాపట్లలో స్లాబు పని ముగించుకుని వచ్చి, అన్నం తిని పడుకున్నవాడు తెల్లారి లేవలేదు. కబురు తెచ్చిన మనిషి మా అరుగు మీద కూర్చుని, "తాగి పోయుంటాడండి, పాత అలవాటు కదా" అన్నాడు. ఏళ్ళ తరబడి చుక్క ముట్టని మనిషి గురించి, ఒళ్ళింకా చల్లబడకముందే! నా నోట్లో ఇడ్లీ చేదెక్కింది.

అతని పాత బతుకు నేను దాచను. అతనూ దాచలేదు. కొలకలూరు, అమృతలూరు పొలాల్లో బోరు మోటార్లు విప్పి, లోపలి రాగితీగ అమ్ముకుని తాగేవాడు. తాగడానికి దొంగతనం, దొంగతనానికి ధైర్యం కావాలని తాగుడు. పట్టుకునేవారు, లోపల వేసేవారు, వదిలేసేవారు. అన్నట్టు, ఆ రాగి కొన్న పాతసామాను వ్యాపారి ఒక్కసారైనా జైలు గడప తొక్కలేదు. తెనాలిలో ఆయన కట్టిన మేడ ముందు నుంచి వెళ్ళాల్సొస్తే నేను ఇప్పటికీ అవతలి పక్కకి మారతాను. సరే, ఆయన గోల మనకెందుకు.

ఒకసారి మేస్త్రి జైలు నుంచి వచ్చి నిజంగానే మానేశాడు. చేతుల వణుకు తగ్గి, మళ్ళీ తాపీ పట్టాడు. అంతలో తల్లి పోయింది. మా వైపు గొయ్యి తవ్వేవాళ్ళకు మందు పొయ్యడం ఆచారం. పొయ్యకపోతే మర్యాద తక్కువట. అవతల చర్చి అయ్యగారు వాక్యం చదువుతుంటే, ఇవతల ఎవరిదో సమాధి రాయి మీద పకోడీ పొట్లాలు, ప్లాస్టిక్ గ్లాసులు. నాకు చదువు అబ్బిందే పొట్లాల కాగితాలు కూడబలుక్కుని. వాటి మీద నాకు గౌరవం ఉంది. ఆ రాయి మీద చూస్తే మాత్రం రోత పుడుతుంది.

ఆ రోజు తల్లి కోసం గొయ్యి తవ్వుతున్న మేస్త్రి చేతిలో, అతని పెదనాన్న కొడుకు గ్లాసు పెట్టాడు. "అమ్మ కోసం ఈ ఒక్కసారికి" అన్నాడు. వారం తిరక్కుండా రేపల్లె దారిలో ఎవరిదో మోటారు మాయమైంది, మేస్త్రి మళ్ళీ లోపలికి వెళ్ళాడు. గ్లాసు పెట్టిన పెద్దమనిషి "వాడి బుద్ధే అంత" అని వీధంతా చాటాడు.

తిరిగొచ్చాక మేస్త్రి నాతో అన్న మాట మరిచిపోలేను. "జైల్లో నన్నెవరూ 'తీసుకోరా' అనలేదండి బాబాయిగారూ. బయటే, ఊరంతా మర్యాద చేసేవాళ్ళు."

ఆ మర్యాదకు అతనే విరుగుడు కనిపెట్టాడు. పేటలో ఎవరు పోయినా గునపం, పార భుజాన వేసుకుని ముందు తనే వెళ్ళేవాడు. ఊరికే తవ్వేవాడు, అక్కడ సీసా తెరవకూడదనేదే షరతు. భార్య అల్లం దంచి కాచిన టీ స్టీలు క్యానులో వచ్చేది. చక్కెర దండిగా పోసుకుని తాగేవాడు. "షుగరొస్తుందిరా" అంటే, "రానివ్వండి, దానికెవరూ పోలీసుల్ని పిలవరు" అనేవాడు.

గోడకు వేసినట్టే గొయ్యి అంచుకు కూడా దారానికి కట్టిన తూకంగుండు వేలాడదీసి చూసేవాడు.

"వంకరైతే ఎవరు చూడొచ్చార్రా?"

"పడుకునేవాళ్ళు చూస్తారు కదండీ."

ఈమధ్య బావమరిదిని వెంట తిప్పుకుంటున్నాడు. అతనూ ఆ తాగుడు, ఆ జైలు చూసి, కొత్తగా మానినవాడు. "చావు దగ్గర వాణ్ణి ఒంటరిగా వదలకూడదండి" అనేవాడు మేస్త్రి.

తీరా మేస్త్రి గొయ్యి ఆ బావమరిదే తవ్వాడు. నేను పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నాను. అదే పెదనాన్న కొడుకు, జుట్టుకు రంగేసుకుని, నల్ల కవరు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏంటి బామ్మర్దీ, మీ బావ పోతే ఒక్క గుక్కన్నా వెయ్యవా?" అని గోతిలోకి గ్లాసు చాపాడు.

"వద్దు బావా."

"వాళ్ళమ్మప్పుడు మీ బావా ఇట్టాగే అన్నాడులే!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. "సిగ్గులేదంటయ్యా?" అన్నాను. "ముసలాయనక్కూడా ఒకటి పొయ్యండ్రా" అన్నాడు. మళ్ళీ నవ్వులు. గోతిలో గునపం ఆగింది. కుర్రవాడేం కాదు, ఇద్దరు పిల్లల తండ్రి. కళ్ళు గ్లాసు మీద నుంచి తిప్పుకోలేకపోతున్నాడు.

ఆ వేళకు ఆడవాళ్ళు సమాధుల తోటకు రారు. మేస్త్రి భార్య వచ్చింది, చేతిలో స్టీలు క్యానుతో. మొగుడి శవం ఇంట్లో ఉండగా పొయ్యి వెలిగించి టీ కాచిందా మనిషి.

"ఆయన తవ్విన ఏ గోతి కాడా ఈ కంపు లేదు బావగారూ. ఆయన గోతికే తెచ్చారా?" అని, గొయ్యి అంచున కూర్చుని టీ పోసింది. "తమ్ముడూ, అల్లం ఎక్కువేశాను. చల్లారిపోద్ది, తాగు."

అతని మొహం ముందు రెండు గ్లాసులు. అతను టీ అందుకున్నాడు. అందులో సగం ఒలికింది, మిగిలిన సగం తాగాడు. నల్ల కవరు గొణుక్కుంటూ గోడ అవతలికి పోయింది. నవ్వినవాళ్ళలో సగం మంది దాని వెనకే పోయారు. ఉమ్మేయాలనిపించింది. చోటు కాదని మింగాను.

తవ్వుడయ్యాక బావమరిది జేబులోంచి మేస్త్రి తూకంగుండు తీసి, గొయ్యి అంచున వేలాడదీశాడు. చేతి వణుక్కి అది ఊగుతూనే ఉంది. అతని అక్కా, నేనూ, అప్పుడే వచ్చిన చర్చి అయ్యగారూ, గుండు ఆగేదాకా దానివంకే చూస్తూ నిలబడ్డాం.